పడుగు మీద దిగిన విమానం

విమానం క్షేమంగా దిగిందని, నడిపిన ఆయన చాకచక్యం వల్ల పెద్ద గండం తప్పిందని, ఎవరికీ ఏ నష్టమూ జరగలేదని పేపర్లో రాశారు. ఆ చివరి మాట చదివినప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పేపరు తెచ్చి చూపించిన పక్కింటాయన మీదే అరిచాను. పాపం, ఆయనేం చేశాడు! ఎవరికీ నష్టం జరగలేదంట. ఎవరిని అడిగి రాశారు? మా గడప తొక్కారా? మా ఆయన అరచేతులు చూశారా? ఆ రోడ్డు మీద అంతమందిమి నిలబడి ఉంటే మనుషులే లేనట్టు విమానం ఫోటో ఒక్కటి వేసుకొని పోయారు. అందుకే నేను కూర్చొని ఇది రాస్తున్నాను. నాకు నోరెక్కువని మా అత్త అంటూ ఉంటుంది. ఎక్కువే. ఆ రోజు ఆ నోటిని విన్నవాళ్ళు లేరు, అదే నా బాధ.

మాది ఎర్రగుంట్లకు కాస్త ఎడంగా ఉన్న నేతగాళ్ళ ఊరు. మా ఆయన మీసాలు రాకముందే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టిన మనిషి. నూలు చీర నేస్తే అంచు ఎక్కడా వంకర పోదు, మడత మీద చెయ్యి వేసి చూస్తే తెలుస్తుంది. అట్లాంటి మనిషి, ఊళ్ళో పని పలచబడిపోయి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలకు బస్తాలు ఎత్తడానికి పోయాడు. అక్కడే ఉంటూ ఏళ్ళ తరబడి అదే పని. ఆదివారం ఇంటికొస్తే కనురెప్పల్లో కూడా సిమెంటే. దగ్గు. స్నానం చేసి అన్నం తిని, పడుకోవాల్సిన మనిషి పడుకోకుండా పోయి ఖాళీ మగ్గం ముందు గుంటలో కాళ్ళు వేలాడేసుకొని కూర్చునేవాడు. మగ్గం మీద పడుగు లేదు, పేక లేదు, ఊరికే కూర్చునేవాడు. నేను వంటింట్లోంచి చూసి చూసి, ఇంక చూడలేక ఒకరోజు గిన్నె నేలకేసి కొట్టాను.

"ఊరికే కూసోని యేం సూస్తాండావు? పోయి ఆ షావుకారును అడుగు. ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదంటాడు. మింగుతాడా?" అన్నాను.

పోయి అడిగాడు. మా ఊళ్ళో నేతగాళ్ళకు నూలిచ్చి, నేసిన చీరలు తీసుకునేది ఆ షావుకారే. ఆయన మా ఆయన చేతులకేసి చూశాడంట. బస్తాలు ఎత్తి ఎత్తి కాయలు కాసిన చేతులు. "నీ చెయ్యి మొరటు పడింటాదప్పా," అన్నాడంట. "ఒక్క పడుగిస్తా. అది బాగా దిగిందా, ఇంగ నీ మగ్గం ఎప్పుడూ ఉత్తగా ఉండదు. చెడిందా, నన్ను మళ్ళా అడగద్దు."

ఒక్క పడుగు. దాని మీదే ఉంది మా ఆయన బతుకంతా. అది బాగా దిగితే ఇంటి పట్టున మగ్గం ముందు ఉంటాడు, చెడితే మళ్ళీ సిమెంటు బస్తాల కిందికి పోతాడు. ఆ మరుసటి రోజే ఫ్యాక్టరీలో చెప్పేసి వచ్చాడు. వస్తూ వస్తూ మా అత్తకు చక్కిలాలు తెచ్చాడు. పెళ్ళయిన కొత్తలో చూశాను ఆ నవ్వును, మళ్ళీ అప్పుడు చూశాను.

తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పడుగంటే చీరలో నిలువుగా పోయే దారాలు. కొన్ని చీరలకు సరిపడా ఒకేసారి పొడుగ్గా పోస్తారు. మగ్గం మీదికి ఎక్కించే ముందు దానికి గంజి పెట్టాలి. ఒక వీధి పొడవున దాన్ని సాగదీసి, నడుమెత్తున కత్తెరలాగా నిలబెట్టిన వెదురు కర్రల మీద పరిచి, చేతులతో గంజి పట్టించి, ఆ పక్కన ఒకరు ఈ పక్కన ఒకరు పెద్ద కుంచె పట్టుకొని అడుగులో అడుగు వేసుకుంటూ దువ్వుతూ పోతారు, వస్తారు. ఏ దారానికి ఆ దారం విడివిడిగా ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. పడుగు బిగువుగా ఉండాలి. గంజి తడి మీద ఉండగా వదులైందా, దారాలన్నీ ఒకదానికొకటి అంటుకొని చెక్క అయిపోతాయి. అందుకే ఇది ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఈ రోజు మా పడుగుకు నాలుగిళ్ళవాళ్ళు వస్తారు, రేపు వాళ్ళ పడుగుకు మేం పోతాం. అందరికీ బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒకటే మాట, పట్టుకున్న పడుగును వదలకూడదు. మా పుట్టింట్లో మా తాత పోయాడని కబురొచ్చినప్పుడు మా నాయన తాడు పట్టుకునే నిలబడి, కళ్ళ నీళ్ళు భుజానికి తుడుచుకుంటూ ఏడ్చాడు. పడుగు ఆరాకే శవం దగ్గరికి పోయాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

ఇదివరకు ఈ పనంతా మా వీధిలోనే జరిగేది. ఇప్పుడు వీధి నిండా ఆటోలు, మోటారు సైకిళ్ళు. ఒక్కడు హారన్ కొడితే పడుగు ఎత్తి దారివ్వాలి. అదృష్టానికి ఊరి బయట బైపాస్ రోడ్డు వేశారు. నల్లగా, తిన్నగా, అద్దంలాగా ఉంది. ఆ చివర వంతెన పూర్తి కాలేదు, దాన్ని తెరవడానికి ఎవరో పెద్దమనిషి రావాలంట, రాలేదు. రోడ్డు ఖాళీగా పడి ఉంది. రైతులు శనక్కాయలు ఆరబోసుకునేవాళ్ళు, కొందరు మిరపకాయలు పోసేవాళ్ళు, మేము పడుగులు చాచుకునేవాళ్ళం. ఇది కూడదని ఎవరూ ఏ రోజూ అనలేదు. ఆ దారిన పోయే పోలీసాయన కూడా ఆగి, "ఈ చీర ఎవరికమ్మా?" అని సరదాగా అడిగి పోయేవాడు.

ఆ రోజు తెల్లవారుజామునే పోయాం. మా అత్త గంజి కాచి కుండతో తెచ్చింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కుంచెలు పట్టారు. తారు రోడ్డులో గుంజ దిగదు కదా, అందుకని పడుగు ఒక చివర రోడ్డు పనివాళ్ళు వదిలేసిన సిమెంటు దిమ్మెకు కట్టాం. రెండో చివర తాడును ఇంకో దిమ్మెకు ఒక చుట్టు తిప్పి మా ఆయన పట్టుకున్నాడు. ఆరే కొద్దీ పడుగు బిగుస్తుంది. అప్పుడు కాస్త కాస్త వదలాలి, మళ్ళీ లాగాలి. ఆయన చెయ్యి మొరటు పడలేదని నాకు ఆ పూటే తెలిసింది. చిన్న బిడ్డను నిద్రపుచ్చినట్టు పట్టుకొని ఉన్నాడు ఆ తాడును. కుంచె పట్టినాయన ఒకరు, "నువ్వు బస్తాలెత్తినావంటే ఎవుడు నమ్ముతాడప్పా!" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దు బారెడెక్కింది. పడుగు ఇంకా తడి మీదే ఉంది. అప్పుడు వినపడింది చప్పుడు. పెట్రోలు అయిపోవచ్చినప్పుడు మోటారు సైకిలు తన్నుకున్నట్టు, రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. తలెత్తితే చిన్న విమానం. తెల్లటిది. కడప వైపు పోవాల్సింది కాబోలు, ఇటు తిరిగింది. చప్పుడే లేదు. చప్పుడు లేకుండా పెద్దదవుతూ వస్తోంది.

"అదేందే అమ్మీ, అట్ల తూలుతాండాది?" అంది మా అత్త.

"తూలుతాండ్లేదు, మన మీదికే వస్తాండాది!" అని అరిచాను.

తన్నుకుపోయే గద్దను చూసిన కోడిపిల్లల్లాగా అందరం చెదిరిపోయాం. కుంచెలు అక్కడే పడేశారు. నేను మా అత్త రెక్క పట్టుకొని రోడ్డు పక్కకు లాగేశాను, గంజి కుండ దొర్లిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన కదల్లేదు. తాడు రెండు చేతులతో పట్టుకొని, కాలు దిమ్మెకు తన్నిపెట్టి నిలబడి ఉన్నాడు. ఎదురుగా విమానం వస్తోంది.

"ఏమయా, ఇడ్సు! ఇడ్సి రా! సస్తావా?" గొంతు చించుకున్నాను. వినపడింది. వినపడిందని ఆయన ముఖం చెప్తోంది. కానీ వదల్లేదు. మీరు నవ్వితే నవ్వండి. ఆ రోజు నుంచి ఊరూరా నవ్వుతూనే ఉన్నారు, ఇమానం మీదికొస్తే తాడు పట్టుకొని నిలబడిన తిక్కోడని. మా ఇళ్ళల్లో పుట్టి ఉంటే మీరూ వదిలేవాళ్ళు కాదు. ఆ క్షణంలో ప్రాణం సంగతి తలకు ఎక్కదు, చెయ్యి మాత్రం పడుగు పట్టుకొని ఉందని తెలుసు.

ఆ చివర దిమ్మె మీదుగా వచ్చి, పడుగు పక్కన ఖాళీగా ఉన్న సగం రోడ్డు మీద చక్రాలు ఆనించింది విమానం. ఒక్క ఎగురు ఎగిరి మళ్ళీ దిగింది. దాని రెక్క పడుగు మీదుగా పోతోంది. అట్లే పోయి ఉంటే బాగుండేది. ముందు చక్రం ఒక వెదురు కర్రకు తగిలి ఇటు మళ్ళింది. ఫటఫటమని కర్రలు విరిగాయి. తిరిగే చక్రమూ ముందున్న ఫ్యానూ పడుగును చుట్టుకుంటూ లాగేశాయి. తాడు మా ఆయన చేతుల్లోంచి సర్రున జారి, ఆయన బోర్లా పడి, కాస్త దూరం ఈడ్చుకుపోయాడు. విమానం రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది. కింద నల్లగా నూనె కారుతోంది.

నేను ఏడుస్తూ పరిగెత్తాను. ఆయన లేచి కూర్చున్నాడు. రెండు అరచేతులూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. తాడు చివర ఇంకా ఆ చేతుల్లోనే ఉంది. నన్ను చూడలేదు. విమానం వైపు చూస్తూ, "ఉండాది! ఈ సగం ఉండాది! కుంచె పట్టండప్పా, రాండి రాండి!" అని కేకలు పెట్టాడు.

నిజమే. విమానానికి ఆ వైపున్న సగం తెగి కుప్పగా పడింది. కానీ విమానానికీ మా ఆయనకూ నడుమ ఉన్న సగం, ఆయన వదలనందువల్ల, ఇంకా బిగువుగానే ఉంది. వెదుర్లు రెండు పడిపోయాయంతే. సగం పడుగంటే సగం చీరలు. సగమైనా బాగా దిగితే షావుకారుకు చూపించొచ్చు. పారిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఒకరు వెదుర్లు నిలబెట్టారు, ఇద్దరు కుంచెలు పట్టారు. విమానమే మాకు ఆ చివర గుంజ అయింది. మా ఆయన చేతులకు నా చీర కొంగు చించి చుట్టాను, మళ్ళీ తాడు పట్టుకున్నాడు. మళ్ళీ దువ్వడం మొదలుపెట్టారు.

విమానం తలుపు తీసుకొని ఒకాయన దిగాడు. ఒక్కడే. నలగని బట్టలు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. సొంత విమానమంట, సరదాకు నడుపుకుంటాడంట. మా అత్త నీళ్ళు తాపించి, కొంగుతో ముఖం తుడిచి, "భయపడాకు నాయనా, భూమ్మీదికొచ్చినావులే," అని వీపు రాసింది. "ఇంజన్ ఆగిపోయిందమ్మా. రోడ్డు ఖాళీగా కనపడింది," అన్నాడాయన. ఖాళీగా! పైనుంచి చూస్తే దారాలు కనపడవు, ఒప్పుకుంటాను. మనుషులు కూడా కనపడరో ఏమో నాకు తెలియదు. అయినా ఆయన మీద నాకు అప్పుడు కోపం లేదు. ఇంజన్ ఆగిపోతే ఎవరైనా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. ఎవరి ప్రాణం వాళ్ళకు తీపి.

కోపమంతా ఆ తర్వాత వచ్చింది. ఎట్లా తెలిసిందో ఏమో, మా ఊరే కాదు, కమలాపురం దాకా కబురు పోయి జనం ఎగబడ్డారు. బండ్ల మీద వచ్చారు, ఆటోల్లో వచ్చారు. అందరి చేతుల్లో ఫోన్లు. విమానం ముందర నిలబడి పళ్ళికిలించి ఫోటోలు. ఒకడు మా పడుగును చూపించి, "ఇమానానికి పలుపు కట్నారు సూడ్రా! పాలు పిండుకుంటారేమో!" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మా వాళ్ళు తల వంచుకొని దువ్వుతూనే ఉన్నారు. ఒక్క గంట వాళ్ళను వదిలేసి ఉంటే చాలు, ఆరిపోయేది.

పోలీసు జీపు వచ్చింది. ఎస్.ఐ. దిగుతూనే, "ఎవుర్రా ఇమానాన్ని తాళ్ళతో కట్టింది?" అన్నాడు.

"కట్టలేదు సార్, అదే వచ్చి సుట్టుకున్యాది," అన్నాడు మా ఆయన.

"ఇడ్సు తాడు."

"తడి మీద ఉండాది సార్. ఇడిస్తే పోతాది. ఇంగ కొంచేపు. ఆరినాంక మేమే కోసుకొని పోతాము."

"పైనుంచి ఆఫీసర్లు వచ్చి చూసేదాకా ఈడ ఏదీ ముట్టుకోగూడదు. ఇడ్సు అంటాంటే!"

నేను అడ్డం పోయాను. పడుగంటే ఏమిటో, గంజంటే ఏమిటో, షావుకారు ఏమన్నాడో, అంతా చెప్పాను. చేతులు జోడించాను కూడా. నేను ఎవరికీ చేతులు జోడించే మనిషిని కాదు. అప్పటికి రెవెన్యూ ఆఫీసరొకాయన కారులో దిగాడు. ఆయన నా మాట సగంలోనే, "గవర్నమెంటు రోడ్డు మీద మీకు పర్మిషన్ ఎవరిచ్చారమ్మా?" అన్నాడు.

"ఇమానానికి ఎవరిచ్చినారు సార్?" అన్నాను.

నేను అడిగింది తప్పా? అదే రోడ్డు. దాని మీద మేము నిలబడితే నేరం, విమానం దిగితే చాకచక్యం. ఆయన కళ్ళెర్రజేసి, "ఎక్కువ మాట్లాడితే కేసు పెట్టాల్సి వస్తుంది," అన్నాడు. మా వాళ్ళు కుంచెలు దించేశారు. భయం ఉండదా మరి! అందరికీ పిల్లలున్నారు.

మా ఆయన ఒక్కడే దించలేదు. ఎస్.ఐ. ఇద్దరు కానిస్టేబుళ్ళకు సైగ చేశాడు. వాళ్ళు వచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పారు. కొట్టలేదు, తిట్టలేదు, అది చెప్పాలి. ఒకాయన, "ఇడ్సప్పా, మాకెందుకు పాపం," అని కూడా అన్నాడు. అయినా విప్పారు. చుట్టిన గుడ్డంతా తడిసి ఎర్రగా ఉంది. చివరి వేలు విప్పగానే తాడు జారిపోయింది. పడుగంతా ఒక్కసారి వదులై, తడి తడిగా, తారు మీద పడింది. దాని మీద నుంచే జనం చెప్పులతో తొక్కుకుంటూ విమానం దగ్గరికి పోయారు. విమానం మీదికి వచ్చినప్పుడు కూడా మా ఆయన ముఖంలో అంత భయం చూడలేదు నేను.

మా అత్త మన్ను దోసెడెత్తి గాల్లోకి విసిరింది. "మీ సేతులిరిగి పోనూ! మీ నోట్లో దుమ్ము పడా!" అని శాపనార్థాలు పెట్టింది. ఆమె నోట అట్లాంటి మాటలు నేనెప్పుడూ వినలేదు. ఆమెను పట్టుకొని నేనూ తిట్టాను. ఇక్కడ రాయలేని మాటలు తిట్టాను. ఎవరికి వినపడ్డాయి? అక్కడ ఇడ్లీలు పంచుతున్నారు. విమానం ఆయనను జీపులో కూర్చోబెట్టి టిఫిను పెట్టారు. ఆయన మా వైపు చూసి, "ఆ దారాలేంటి?" అని అడిగాడు. రెవెన్యూ ఆయన, "ఏం లేదు సార్, ఊళ్ళోవాళ్ళు ఏవో ఆరేసుకున్నారు," అన్నాడు. ఈ చెవులతో విన్నాను. మూడేళ్ళ పిల్లవాడి చొక్కా ఆరేసుకున్నట్టు చెప్పాడు!

ఎండ ముదిరింది. మా సీమ ఎండ సంగతి మీకు తెలుసు. మా ఆయన దిమ్మె పక్కన కూర్చొని, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని, పడుగు ఎండిపోవడం చూస్తూ ఉన్నాడు. ముందు అంచులు బిగుసుకున్నాయి, తర్వాత నడుమ. ఆస్పత్రికి పోదాం రమ్మంటే రాలేదు. పేపరాయన వస్తే ఆయనకూ మొదటి నుంచి చెప్పాను. తలూపుతూ అంతా విని, "విమానం వస్తాంటే మీకు ఏమనిపిచ్చిందమ్మా?" అని అడిగాడు. అంతసేపూ నేను చెప్పిందేమిటి మరి? అప్పుడే నేను అర్థం చేసుకొని ఉండాల్సింది.

మరుసటి రోజు పైనుంచి ఆఫీసర్లు వచ్చారు. చక్రం చూశారు, ఇంజన్ చూశారు, కొలతలు వేసుకున్నారు. చక్రానికి చుట్టుకున్న పడుగును బ్లేడుతో కోసి పక్కన పడేసి, "ఈ తాళ్ళు ఎవరివో తీసుకుపొండి," అన్నారు. తాళ్ళంట. మేం తెచ్చుకున్నాం. తొట్టిలో నానబెట్టి, గంజి కరగనిచ్చి, అత్తా నేనూ ఒక్కొక్క దారం విడదీయడానికి కూర్చున్నాం. తారు మరకలు, ఇంజన్ నూనె, చెప్పుల మన్ను. లాగితే తెగిపోయేది. మా ఆయన కట్టు కట్టిన చేతులతో వచ్చి కూర్చొని రెండు దారాలు లాగి, మూడోది లాగకుండా లేచిపోయాడు.

షావుకారు వచ్చాడు. ఒక పాయ చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు. "నీ తప్పేమీ లేదప్పా. నాకు తెలుసు," అన్నాడు. అని, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. ఇంకో పడుగు మాట ఎత్తలేదు. తప్పు లేదంటూనే శిక్ష వేయడం ఆయన దగ్గరే చూశాను. ఆఫీసుల చుట్టూ తిరిగాం. పర్మిషన్ లేని చోట జరిగింది కాబట్టి అది నష్టం కిందికే రాదన్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు విమానం ఆయనకు సన్మానం చేశారని ఫోనులో ఫోటో చూపించారు. భుజం మీద శాలువా. మరమగ్గం శాలువా, ఫోటోలో చూసినా నాకు తెలుస్తుంది. నేతగాళ్ళ గడ్డ మీద ఒక చేనేత శాలువా దొరకలేదా వీళ్ళకు! ఆ ఫోన్ వెనక్కి విసిరేసినంత పని చేశాను.

అరచేతులు మానాక మా ఆయన సంచి సర్దుకున్నాడు. నేను వద్దని అనలేదు. ఏ మొగం పెట్టుకొని అనేది? బస్సు కోసం నిలబడినప్పుడు మాత్రం ఆగలేక అడిగాను. "ఆ పొద్దు నేనంత అరుస్తాంటే ఎందుకయా ఇడ్సలేదు?"

"ఇడిస్తే మళ్ళా ఎర్రగుంట్లకు పోవల్ల గదా," అన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఇప్పటికి కొన్ని నెలలైంది. మొన్న నేను బియ్యం ఏరుతూ ఉంటే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. విమానం ఆయన. ఊళ్ళో ఎవరినో అడిగి నా నంబరు పట్టుకున్నాడంట. ఆయనను తిట్టాల్సిన తిట్లన్నీ నేను ఎన్ని రాత్రులు వరసగా పేర్చుకున్నానో! నోరు తెరిచేలోగా ఆయనే అందుకున్నాడు.

"అమ్మా, ఆ రోజు పారిపోకుండా తాడు పట్టుకొని నిలబడ్డారే, ఆయన మీ వారేనటగా? ఆయన్ను చూస్తూనే విమానం దించాను. ఒక మనిషి అంత ధైర్యంగా నిలబడ్డాడు, నాకేం భయమని అనిపించింది. ఒకసారి వచ్చి ఆయనతో ఫోటో దిగాలని ఉందమ్మా. ఇంట్లో ఉంటారా?"

"లేడు సార్," అన్నాను. "ఎర్రగుంట్లలో ఉండాడు. సిమెంటు ఫ్యాక్టరీలో."

"ఓ, ఫ్యాక్టరీలో ఉద్యోగమా! చాలా సంతోషం అమ్మా. ఆ రోజే నేను ఆఫీసర్లకు చెప్పాను, ఈ ఊరివాళ్ళకు ఏదైనా దారి చూపించండని."

పేర్చుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు. "అవును సార్. నువ్వే ఇప్పిచ్చినావు ఆయనకు ఆ పని," అన్నాను.

"అయ్యో, నాదేముందమ్మా!" అన్నాడాయన.